పాతదిలా కనబడాల్సిన కొత్త పైపు

"ఆర్డరొచ్చిందే! ఓడకంట!"

ఫోను పట్టుకునే మా ఆయన అంజినప్ప వంటింట్లోకి దూకాడు. మాకు పెళ్లయి నెల కాలేదు. మూతపడ్డ బంగారు గనుల పక్కనున్న మా ఆండర్సన్‌పేటలో ఆయన వెల్డింగు షాపు పెట్టింది మొన్ననే. పిండి చేతులతోనే ఆయన్ని పట్టుకున్నాను. చొక్కా మీద పడ్డ నా వేళ్ల ముద్రలు చూసి ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

"మద్రాసు రేవులో ఓడ ఇంజనీరంట. వంపు పైపొకటి చేయాల. నచ్చితే నెలనెలా పనిస్తాడంట."

మా అత్త గంగులమ్మ తల తిప్పి చూసింది. "మద్రాసులో వెల్డింగోళ్లే లేరా? ఈ గని మట్టి గుట్టల్లోకి యాడొచ్చినాడప్పా?"

"మీ కొడుకు పేరు అంత దూరం పోయిందత్తా," అన్నాను, మురిసిపోతూ.

అన్నం తింటూ ఆయన మిగతాది చెప్పాడు. పైపు చేత్తోనే టకటకా విప్పేసేలా ఉండాలట. కొత్తదానికి తుప్పు రంగు పూసి పాతదిలా చేయాలట. షాపు గుర్తు కొట్టకూడదట. చేసిన ప్రతి ముక్క మీదా తన పేరు మొదటి అక్షరాన్ని ఉక్కు అచ్చుతో కొట్టడం గనిలో ఫిట్టరుగా చేసిన మామగారు ఆయనకు నేర్పిన పద్ధతి.

"దేనికంట ఆ పైపు?" అడిగాను.

"ఇంజను కింద చేరిన నీళ్లు బయటికి తోడేదానికి. గనిలో మా నాయన తోడలే? అట్లనే."

"ఆ నీళ్లలో నూనె ఉంటాది. మిషన్లో నూనె వేరుచేసినాకే సముద్రంలోకి వదలాలని దేశాలన్నీ కలిసి రూలు పెట్టినాయి. కాలేజీలో చదివినాను. ఈ పైపు ఆ మిషన్ని తప్పించేదానికేమో. ఆఫీసర్లు తనిఖీకొస్తే విప్పి దాచేస్తారేమో."

"బీఎస్సీ అమ్మా, నా మొదటి ఆర్డరే నీకు దొంగపనిగా కనిపిస్తాండాదా? ఇది పోతే ఇంగ షాపు మూసి, మారికుప్పం రైల్లో బెంగళూరు కూలికి పోవాల."

పొద్దున పోతే రాత్రికి గానీ రాని మొగుడు! తలచుకుంటేనే నాకు దిగులేసింది. అయినా ఊరుకోలేకపోయాను.

"నువ్వే పోయి బిగిస్తానని అడుగు. ఏమంటాడో చూద్దాం."

ఆయన ఫోను స్పీకర్‌లో పెట్టి అడిగాడు. అవతలి మనిషి అరవంలో గదిమాడు: "నువ్వు రావద్దు. లారీకేసి పంపు. ఎవరికీ చెప్పొద్దు."

ఫోను పెట్టేశాడు.

"చెప్పుకోలేని పని మనకెందుకప్పా?" అంది అత్త.

ఆయన కంచం పక్కకు జరిపాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఈ పని మనకొద్దు. ఓడ పేరు ముందే వాడే చెప్పినాడు. రేపు పొద్దున మొదటి రైలుకే ఇద్దరం మద్రాసు పోదాం. రేవులో ఓడలు తనిఖీ చేసే ఆఫీసు యాడుండాదో కనుక్కొని అంతా చెప్పేద్దాం. నువ్వింకా సముద్రం చూడలేదు కదా!"