ఎప్పుడు తాగిందన్నదే ప్రశ్న

పోలీసు యంత్రంలోకి ఊదిన రోజు వెర్నా కిట్టో ఒక్క అబద్ధమూ ఆడలేదు. "తాగావా?" అంటే "తాగాను" అంది. "బండి నడిపింది నువ్వేనా?" అంటే "నేనే" అంది. వాటిలో ఏది ముందో ఎవరూ అడగలేదు. ఆమెకు చెప్పాలని తోచనూ లేదు. అక్కడికక్కడే లైసెన్సు ఆపేశారు.

వెర్నా మూరాబీ అనే చిన్న ఊళ్లో పద్నాలుగేళ్లుగా బడి బస్సు నడుపుతోంది. ఆ రోజు పిల్లలందరినీ దింపి, నాలుగుంబావుకి బస్సు షెడ్డులో పెట్టింది. అక్కడ రోజూ ఊదే యంత్రం సున్నా చూపించింది. తర్వాత సొంత కారులో, పచ్చికలో బంతులు దొర్లించి ఆడే బౌల్స్ క్లబ్బుకు బయల్దేరితే, మలుపులో కంగారూ అడ్డం దూకింది. స్టీరింగు తిప్పేసరికి కారు క్లబ్బు గేటు స్తంభాన్ని కూల్చి ఆగింది. దెబ్బలేమీ తగల్లేదు గానీ బాగా బెదిరిపోయింది. లోపలికెళ్లి కుర్చీలో కూలబడితే, బారు చూసుకునే క్లెమ్ ట్రెజైజ్ బ్రాందీ పోశాడు. తాగింది. ఇంకోటి పోశాడు. మూడోదీ పోశాడు. కూలిన స్తంభం చూసి దారినపోయే వాళ్లెవరో ఫోన్ చేయగా పోలీసులొచ్చారు. ఈసారి యంత్రం పరిమితికి దాదాపు రెట్టింపు చూపించింది.

గుద్దాకే తాగానని తర్వాత చెప్పినా ఊరు ఆమెను నమ్మలేదు. ఇరవై రెండేళ్ల కిందట వెర్నా నిజంగానే తాగి నడిపి, ఎదురుగా వస్తున్న మోటారుసైకిలును గుద్దింది. దాని మీదున్నది ఈ క్లెమ్మే. అతను ఇప్పటికీ ఎడమకాలు ఈడుస్తూనే నడుస్తాడు. ఆనాడు ఆమె "తప్పు నాదే" అని శిక్ష అనుభవించింది. ఆ తర్వాత ఎప్పుడూ చుక్క ముట్టాక కారు తాళం ముట్టలేదు.

ఉచిత న్యాయ సహాయం వాళ్లు పంపిన లాయరు టామ్సిన్‌కు ముప్పై కూడా నిండలేదు.

"ఒప్పేసుకుంటానమ్మాయ్. శిక్ష తగ్గుతుందటగా," అంది వెర్నా.

"చేసుంటే నేనే ఒప్పుకోమంటాను. చేశారా?"

"లేదు. కానీ పాత కేసుందిగా, నా మాట ఎవరు నమ్ముతారు?"

"అప్పుడు తాగి నడిపారు. ఇప్పుడు నడిపి తాగారు. రెండూ ఒకటెలా అవుతాయండీ? స్టీరింగు పట్టుకున్నప్పుడు ఒంట్లో ఎంతుందన్నదే చట్టానికి కావాలి. యంత్రం చూపిన లెక్క అప్పటిదేనని కోర్టు అనుకుంటుంది. కాదని మనమే చూపించాలి. షెడ్డులో యంత్రం సున్నా చూపించిన కాగితం నేను తెస్తాను. మీరు క్లబ్బులోకొచ్చాకే తాగారని చెప్పే మనిషి కావాలి. పోసిందెవరు?"



"నేను కాలు విరగ్గొట్టినవాడు," అంది వెర్నా.

మర్నాడు పొద్దున నడుచుకుంటూ క్లబ్బుకు వెళ్లింది. క్లెమ్ గ్లాసులు తుడుస్తున్నాడు.

"నడిచొచ్చావా? ఊరు బతికిపోయింది," అన్నాడు తలెత్తకుండా.

"క్లెమ్, నిన్నొకటి అడగాలి."

"కోర్టుకు రమ్మంటావు. అంతేగా? పది రోజుల్నించి చూస్తున్నా, ఇంకా అడగదేంటా అని."

"ఏ మొహం పెట్టుకుని అడగనూ? నీ కాలు..."

"నా కాలు గొడవ నేను పడతాలే. ఆ రోజు నువ్వు లోపలికి రాగానే దగ్గరికొచ్చి నీ నోటి వాసన చూశాను, తెలుసా? ఇంకెవరైనా అయితే చూసేవాణ్ణి కాదు. టీ వాసన తప్ప ఏమీ లేదు. అందుకే పోశాను."

"మరి పోలీసులతో చెప్పలేదేం?"

"వెనకాల బీరు పీపా మారుస్తున్నాను. వచ్చేసరికి నిన్ను తీసుకెళ్లిపోయారు." అతను గుడ్డ పక్కన పెట్టాడు. "తర్వాత చెప్పొచ్చు. చెప్పలేదు. నువ్వు అడగాలని కూర్చున్నాను. ఇన్నేళ్లలో కనబడ్డప్పుడల్లా క్షమాపణే గానీ, ఒక్క సాయం అడిగావా? విసుగొచ్చేసింది వెర్నా."

ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

కోర్టులో టామ్సిన్ ముందు షెడ్డు కాగితం చూపించింది. మూడు పెద్ద బ్రాందీలకు ఆ లెక్క సరిపోతుందన్న నిపుణుడి నివేదిక ఇచ్చింది. క్లెమ్ బోనెక్కాడు.

"మీరు ముద్దాయికి స్నేహితులా?" అని అడిగాడు పోలీసుల తరఫు లాయరు.

"ఆమె నా కాలు విరగ్గొట్టిందండీ. మళ్లీ తాగి నడిపితే లోపలెయ్యమని ముందు అరిచేది నేనే."

"ఎంతెంత పోశారు?"

"కొలవలేదు. గ్లాసు నిండా పోశాను. అది నా తప్పు, రాసుకోండి."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. చాలాసేపు రాసుకుని, కాగితాలు మళ్లీ తిరగేసి, నడిపేటప్పుడు ఆమె తాగి లేదని తాను నమ్ముతున్నానంది. కేసు కొట్టేసింది.

బయట మెట్ల మీద వెర్నా ఏదో అనబోయింది.

"క్షమాపణ గనక చెప్పావో..." అన్నాడు క్లెమ్.

"ఆకలేస్తోందనబోయాను."

"అదీ మాట! పద, మాంసం కూరిన పాస్టీలు తిందాం."

లైసెన్సు తిరిగొచ్చాక, సోమవారం ఉదయం వెర్నా బస్సు తీసింది. వెర్నాను తీసెయ్యాలని బడిలో సంతకాలు సేకరించిన తల్లి మూడో స్టాపులో కూతురితో నిలబడి ఉంది. వెర్నా తలుపు తెరిచింది. ఆ తల్లి ఒక క్షణం ఆగి, పిల్ల సంచీ సర్ది, తనే చెయ్యిచ్చి ఎక్కించింది.

"గుడ్ మార్నింగ్ వెర్నా," అంది.