కొలతల మూల

టైలరక్కకి కోపమొస్తే కత్తెర చప్పుడే మారిపోతుంది. ఆ పొద్దున కత్తెర కరకరలాడిందంటే, కారణం కొట్లో నిచ్చెన వేసుకుని నిలబడ్డ కానిస్టేబులు. బజారులో ప్రతి కొట్లోనూ ప్రభుత్వం వాళ్ళ కెమెరా ఉండాల్సిందేనట. అందులో పడేదంతా ఎక్కడో కంట్రోల్ రూముకి పోతుందట. పెట్టుకుంటే పెట్టుకోండి, నా దగ్గరేమైనా దొంగసొత్తుందా అని ఆవిడ ఊరుకుంది. కానీ అతను బిగించడం అయ్యాక, వెనక మూల వేలాడుతున్న పూల తెర చూపించి, "అది కూడా తీసెయ్యాలక్కా," అన్నాడు. దాంతో ఆవిడ ఇంతెత్తున లేచింది.

"ఆడవాళ్ళు బట్టలు విప్పి కొలతలిచ్చే చోటయ్యా అది! నీకు బుద్ధుందా?"

"నా బుద్ధి సంగతి వదిలెయ్యక్కా, రూలు అలా ఉంది. కెమెరాకి కనపడని మూలంటూ ఉండకూడదు. అయినా అక్కడ చూసేది మనుషులు కాదు, కంప్యూటరు."

"చూసి ఎవరికి చెబుతుంది మరి? ఇంకో కంప్యూటరుకా?"

అతను నవ్వేసి, తెర మడతపెట్టి ఆవిడ చేతిలోనే పెట్టి పోయాడు. నోరారా తిట్టడానికి కూడా వీల్లేని మంచివాడు, అదీ ఆవిడ ఖర్మ.

ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా గుమ్మంలోనే ఆగి, పైకి చూసి, పాత డ్రెస్సు ఆదికిచ్చి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ఆవిడ పళ్ళు నూరుకుంటూ ఆదులు చూసి కుట్టింది. లెక్కల టీచరమ్మ వచ్చేదాకా అలాగే నెట్టుకొచ్చింది.

టీచరమ్మకి ఎడమ రొమ్ము తీసేశారు. ఈ సంగతి తెలిసింది మొగుడికీ, టైలరక్కకీ మాత్రమే. స్కూల్లో నడుం నొప్పని చెప్పి సెలవు పెట్టింది. "అయ్యో పాపం అనే చూపులు నేను మొయ్యలేనక్కా," అని, ఆపరేషనయ్యాక మొదటిసారి వచ్చినప్పుడు ఆ తెర వెనక, మొదటి గుండీ కూడా విప్పలేక, ఒకటే ఏడుపు. టైలరక్క ఏం చేసిందనుకున్నారు? గట్టిగా కళ్ళు మూసుకుంది. "నేను చూడనులే తల్లీ, నా వేళ్ళు చూసుకుంటాయి," అని తడుముకుంటూ కొలతలు తీసి, లోపల దూది మెత్త పెట్టి కుట్టిచ్చింది. అప్పట్నుంచీ ఆమె వస్తే చాలు, ఈవిడ కళ్ళు మూతపడాల్సిందే.

"ఒళ్ళు తగ్గిందక్కా. బోర్డు మీద రాద్దామని చెయ్యెత్తితే మెత్త జారిపోతోంది. పిల్లల ముందు ప్రాణం పోతోంది," అంది టీచరమ్మ, కెమెరా వంక చూస్తూ. జారే మెత్తకి ఆది ఎక్కణ్ణుంచి తెస్తారు? టైలరక్కకి ఒళ్ళు మండిపోయింది. స్టూలెక్కి, చేతికందిన లైనింగు గుడ్డ కెమెరా మీద పడేసింది. తలుపు వేసి, కళ్ళు మూసుకుని టేపు పట్టుకుంది. కొలతలు అవకముందే ఫోను మోగింది. మోగితే మోగనీ అనుకుంది.

టీచరమ్మ అటు వెళ్ళగానే ఇటు కానిస్టేబులు రొప్పుతూ వచ్చాడు.

"ఎంత పని చేశావక్కా! గుడ్డ చాటున ఇద్దరూ ఏదో ఇచ్చిపుచ్చుకున్నారని పైవాళ్ళు కేసు తెరిచారు. ఆవిడ పేరూ, స్కూలూ అన్నీ ఈ యంత్రంలో వచ్చేశాయి. రేపు స్కూలుకే వెళ్ళి ఆవిణ్ణి తీసుకొస్తారట."

"స్కూలుకా? పిల్లల ముందు నుంచా?"

"మరి కారణం లేకుండా కెమెరా ఎందుకు మూస్తారు?"

అంతే, టైలరక్క నోరు జారింది. "కారణం లేకపోవడమేంటయ్యా! ఆవిడకి ఆపరేషనైంది, రొమ్ము తీసేశారు! ఆ కొలత మీ అందరి ముందూ తియ్యాలా?"

అతని మొహం వాడిపోయింది. "అయ్యో... ముందే చెబితే ఇంతదాకా వచ్చేదే కాదు కదక్కా," అంటూ చేతిలోని యంత్రం మీద టకటకా కొట్టాడు.

"ఏంటది? ఏం కొడుతున్నావు?"

"కారణం. అది వెయ్యకపోతే కేసు మూసుకోదు."

"చెరిపెయ్! నా తండ్రివి కదూ, చెరిపెయ్!"

"చెరిపే బటను మాకివ్వలేదక్కా."

అతను అన్నట్టే అయింది. కేసు మూసేశారు, టీచరమ్మ కోసం ఎవరూ స్కూలుకి వెళ్ళలేదు. పైగా తెరకి అనుమతి కూడా వచ్చింది, ఆ ఒక్క మనిషి వచ్చినప్పుడు వేసుకోవచ్చట. టైలరక్క తెర ఉతికి కట్టింది. డ్రెస్సు పూర్తి చేసి, ఆ మెత్తని మళ్ళీ మళ్ళీ నొక్కి చూసుకుంటూ కూర్చుంది.

టీచరమ్మ వచ్చి ఫోను బల్ల మీద పెట్టింది. కేసు మూసినట్టు వచ్చిన మెసేజీలో ఆమె పేరు, పక్కనే ఆపరేషను వివరం, కింద 'వైద్య కారణాల మినహాయింపు' అని ఉన్నాయి.

"ప్రభుత్వ స్కూలు కదా, హెడ్మాస్టరుకి కూడా ఓ కాపీ పంపారు. పొద్దున స్టాఫ్ రూములోకి వెళ్తే అందరూ మాటలాపేశారు. ఒకావిడ లేచి తన కుర్చీ ఇచ్చింది."

"నిన్ను లాక్కెళ్తారని భయపడ్డానమ్మా... అందుకే నోరు జారాను," అంది టైలరక్క.

టీచరమ్మ డ్రెస్సు తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది. అలవాటు కొద్దీ టైలరక్క కళ్ళు మూసుకుని, చేతులు చాపి ముందుకు నడిచింది.

"తెరువక్కా," అంది టీచరమ్మ లోపల్నుంచి. "ఇంకెందుకు మూసుకోవడం?"

టైలరక్క కళ్ళు తెరవలేకపోయింది.