ఉత్త ఫ్లాష్

భవ్య పెళ్ళి ఆల్బమ్‌ను యలమందయ్య మొదటినుంచి చివరిదాకా చూశాడు, మళ్ళీ చివరినుంచి వెనక్కి చూశాడు. అందులో అతను లేడు. భార్య వెంకటరావమ్మ లేదు, కూతురు శ్రీరమ్యా లేదు. పెళ్ళికూతురు పరాయిది కాదు, సొంత అన్న బుల్లయ్య కూతురు. అక్షింతలు వేశాక ముగ్గురూ స్టేజీ మీద నిలబడ్డారు. ఫొటోలు తీసే ప్రేమదాసు గడ్డం ఎత్తమన్నాడు, దగ్గరికి జరగమన్నాడు, ఫ్లాష్ కొట్టాడు. చాలక ఇంకోటి కొట్టాడు.

"ఒక రీలు పాడయిందంటరా," అన్నాడు బుల్లయ్య.

"మేం నిలబడ్డ రీలే పాడయిందా అన్నయ్యా?"

బుల్లయ్య ఆల్బమ్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

పెళ్ళిళ్ళలో ఉత్త ఫ్లాష్ అనేది ఒకటి ఉంటుందని అద్దంకి చుట్టుపక్కల అందరికీ తెలుసు. పిల్లలు ఎగబడినా, బంధువులు స్టేజీ దిగకపోయినా ఫొటోగ్రాఫర్ రీలు కదపకుండా వెలుగు మాత్రం కొడతాడు. వాళ్ళు ఫొటో పడిందనుకుని దిగిపోతారు. ఎవరికి రీలు, ఎవరికి ఉత్త ఫ్లాష్ అన్నది పెళ్ళివారి కనుసైగను బట్టి ఉంటుంది. అంతకు ముందు ఏడాది పొలం గట్టు దగ్గర అన్నదమ్ములకు మాటా మాటా వచ్చింది. బుల్లయ్య సైగ చేశాడా లేదా అన్నది యలమందయ్యకు తేలలేదు. తేలకపోయేసరికి చేశాడనే అనుకున్నాడు. రెండిళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయాయి.

రెండు వేల ఒకటి వైశాఖంలో శ్రీరమ్యకు ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు.

"అన్నని పిలుస్తా. కెమెరా కొని నేనే తీస్తా. వాళ్ళని నడిమధ్యన నిలబెట్టి తీసి, పటం కట్టించి వాళ్ళింటికే పంపుతా," అన్నాడు యలమందయ్య.

"అది పిలుపా, దెబ్బా?" అంది వెంకటరావమ్మ.

"రానీ ముందు. ఇల్లు కలవాలంటే ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి గదా."

గుంటూరు యార్డులో మిరపకాయలు అమ్మిన మర్నాడు తండ్రీ కూతుళ్ళు హుస్సేన్ సాహెబ్ కెమెరాల కొట్టుకు వెళ్ళారు. సాహెబ్ ముందు అరచేతిలో పట్టే కెమెరా చూపించాడు. యలమందయ్య దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"ఇందులో ఏముంది, ఏమీ లేనట్టుందే?"

"ఇంటి ఫొటోలకి చాలండీ. దూరం, దగ్గర చూసుకునే పని లేదు."

"చూసుకునే పని లేదంటే చూడనియ్యదన్నమాట."

తరవాతది మోటారు కెమెరా. రీలు వేస్తే తనే చుట్టుకుంటుంది, ఫ్లాషూ తనే కొట్టుకుంటుంది. శ్రీరమ్యకు అది నచ్చింది.

"ఇది తీసుకో నాన్నా. నొక్కితే చాలు."

"అన్నీ అదే చేసుకుంటే లోపల చేసిందో లేదో మనకెట్టా తెలుస్తుందమ్మా?"

హుస్సేన్ సాహెబ్ నవ్వలేదు. బీరువాలోంచి ఒకరు వాడి అమ్మిన కెమెరా తీశాడు. లెన్సు ఊడుతుంది, దూరం చేత్తో తిప్పి చూసుకోవాలి, ఫ్లాష్ విడిగా పైన తగిలించాలి. కుడి పక్క మీట లాగితే రీలు ఒక బొమ్మ మేర కదులుతుంది.

"ఇటు చూడండి. రీలు లోపల కదిలితే ఎడమ పక్కనున్న ఈ చిన్న చక్రం తిరుగుతుంది. తిరిగిందా, రీలు నడుస్తోందన్నట్టే. మీకు కావలసిన సాక్ష్యం ఇదేగా?"

యలమందయ్య మీట లాగి, చక్రం చూసి, మళ్ళీ లాగాడు. కొట్టులోకొచ్చాక మొదటిసారి కూర్చున్నాడు.

"ఒకటి మాత్రం గుర్తుంచుకోండి," అన్నాడు సాహెబ్. "రీలు మొత్తం అయిపోయి, వెనక్కి చుట్టేదాకా తలుపు తెరవొద్దు."

యలమందయ్య సరేనన్నాడు. కెమెరా కొన్నాడు. బస్సు నరసరావుపేట దాటాక కూతుర్ని అడిగాడు.

"తెరవొద్దని ఎందుకన్నాడంటావ్?"

"వెలుగు తగిలితే పాడవుతుందట నాన్నా."

"అట్టాగే అంటారమ్మా. మనం యార్డుకు బస్తా తీసుకెళితే కొనేవాడు మూతి దగ్గర కాయ చూసి ఊరుకుంటాడా? అడుగుదాకా చెయ్యి పెడతాడు. పెట్టొద్దంటే మనల్నేమనుకుంటాడు?"

ఫంక్షన్‌కు బుల్లయ్య వచ్చాడు. భార్యతో, అల్లుడితో, భవ్యతో వచ్చాడు. పందిట్లో అందరూ చూస్తుండగా యలమందయ్య ఎదురెళ్ళి వదిన చేతిలోని పళ్ళెం అందుకున్నాడు. ముందు వెంకటరావమ్మ పుట్టింటివాళ్ళకు ఫొటోలు తీసి, తరవాత అన్న కుటుంబాన్ని శ్రీరమ్యకు రెండు పక్కలా నిలబెట్టాడు. తీసిందే మళ్ళీ మళ్ళీ తీశాడు.

"చాల్లేరా, భోజనాలకు లేవనియ్యి," అన్నాడు బుల్లయ్య. నవ్వాడు కూడా.

ఆ నవ్వు పడిందా అన్న అనుమానం యలమందయ్యకు అప్పుడు మొదలైంది. చక్రం తిరుగుతూనే ఉంది. కాని చక్రం బయటిది. లోపల రీలు తెగి ఉంటే? అసలు చుట్టుకోకుండా ఉంటే? వడ్డన జరుగుతుండగా గదిలోకి వెళ్ళి, కిటికీ దగ్గర నిలబడి వెనక తలుపు తెరిచాడు. రీలు ఉంది, బిగువుగా చుట్టుకుని ఉంది. వేలితో తాకి చూశాడు. తలుపు మూసి, స్థిమితంగా వెళ్ళి అన్న పక్కన భోజనానికి కూర్చున్నాడు. మధ్యాహ్నం మిగిలిన బంధువులకు తీశాడు.

అద్దంకిలో రీళ్ళు కడిగే ఇమ్మానియేలు మర్నాడు ఆ రీలు కడిగి వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. మొదట్లో బొమ్మలున్నాయి, చివర్లో ఉన్నాయి. మధ్యలో నలుపు.

"తలుపు తీశారా?"

"ఒక్క నిమిషం. రీలుందో లేదో చూద్దామని."

"ఉన్నదాన్ని చూసేశారండీ."

నల్లబడ్డవన్నీ బుల్లయ్య ఫొటోలు. బావమరుదులున్నారు, వాళ్ళ పిల్లలున్నారు, పందిరి వేసినవాడు కూడా ఉన్నాడు. దీన్ని అన్నకు ఎలా చెప్పాలో యలమందయ్యకు తెలియలేదు. చెప్పకపోతే ఏమనుకుంటాడో మాత్రం తెలుసు. భవ్య పెళ్ళప్పుడు తను అన్నను అనుకున్నదే.

మర్నాటి ఉదయం కొత్త రీలు వేశాడు. ఎప్పుడూ ఒంటరిగా ఫొటోకు నిలబడని వెంకటరావమ్మ ఆ పొద్దు కూతురి పక్కన ఒకటి, తనొక్కతే రెండు తీయించుకుంది. ఆ తరవాత ముగ్గురూ బుల్లయ్య ఇంటికి వెళ్ళారు.

బుల్లయ్య నల్లటి రీలు ముక్క చూశాడు. ప్రింట్లు ఒక్కొక్కటే చూశాడు.

"మీ బావమరుదులంతా ఉన్నారే."

"తలుపు తీశా అన్నయ్యా."

"ఎందుకు తీశావ్?"

"రీలుందో లేదో అని."

"ఏరా, ఆ రీలు వేసింది నువ్వే గదా?"

యలమందయ్య ప్రింట్లన్నీ దొంతి పెట్టాడు.

"మేం నిలబడ్డ కాడే పాడయిందన్నమాట," అంది వదిన గుమ్మంలోంచి.

"మళ్ళీ తీస్తా వదినా. అందుకే వచ్చా. పాప ఓణీ కట్టుకునే వచ్చింది. అందరూ అట్టా అరుగు మీద నిలబడండి."

"నిలబడతాం," అన్నాడు బుల్లయ్య. "ముందు రీలు చూపించు."

"చూపిస్తే పోద్ది అన్నయ్యా. పొద్దున తీసినవి ఇందులో ఉన్నయ్."

"ఏవి?"

"మీ మరదలివి."

బుల్లయ్య వెంకటరావమ్మ వైపు చూశాడు, కెమెరా వైపు చూశాడు. చెయ్యి మాత్రం చాచే ఉంచాడు. యలమందయ్య భార్య ముఖం చూశాడు. ఆమె కొంగు సర్దుకుంది.

"చూపించయ్యా," అంది. "నా ముఖానికేం తొందర."

యలమందయ్య ఎండలోనే తలుపు తెరిచాడు. బుల్లయ్య కళ్ళజోడు పెట్టుకుని వంగి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూశాడు. "ఉంది," అన్నాడు భార్యతో. ఆమె కూడా వచ్చి చూసింది. భవ్యను కూడా పిలిచి చూపించింది.

తలుపు మూసి, వెలుగు తగిలిన మేర పోయేలా యలమందయ్య కొన్నిసార్లు ఉత్తినే మీట లాగి నొక్కాడు. బుల్లయ్య కుటుంబం అరుగు మీద నిలబడింది. శ్రీరమ్య మధ్యలోకి వెళ్ళింది.

"అన్నయ్యా, అటు కాదు, లెన్సు వైపు చూడు."

బుల్లయ్య చూపు కెమెరా మీది చిన్న చక్రం దగ్గరే ఉంది.

"నువ్వు తియ్యరా. నేను చూసేది నేను చూస్తా."

యలమందయ్య నొక్కాడు. మీట లాగాడు.

"తిరిగింది," అన్నాడు బుల్లయ్య. "ఇంకోటి తియ్యి."