పై వాటాలో ఎవరూ లేరు

మా ఆయనలో ఉన్న ఒకే ఒక్క లోపం, ఆయనలో ఏ లోపమూ లేకపోవడం. పెళ్లయిన పదకొండేళ్లలో ఒక్క తప్పు చేసిన పాపాన పోలేదు. పాలు పొంగితే తప్పు స్టవ్వుది. రైలు తప్పిపోతే గడియారానిది. గొడుగు బస్సులో మర్చిపోయి వస్తే, చెప్పాపెట్టకుండా ఆగిపోయిన వానది. ఇలాంటి మచ్చలేని మనిషితో ఎలా వేగుతున్నావమ్మా అని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. అడిగితే మాత్రం తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పాలని ఉంది.

ఆయన డాక్టరు. మందులిచ్చే డాక్టరు కాదు, గోడల డాక్టరు. గోడలకి చెమ్మ ఎందుకు పడుతుందో పరిశోధించి ఆ పట్టా తెచ్చుకున్నారు. ఆ చెమ్మే మమ్మల్ని ఈ దేశం తీసుకొచ్చింది. ఇక్కడి విశ్వవిద్యాలయం ఆయన్ని ఏడాది పాటు అతిథి పరిశోధకుడిగా పిలిచింది. వాళ్ల పండితుడొకాయన అక్కడ మా కాలేజీకి వెళ్లాడు. పూర్వం కుండమార్పిడి పెళ్లిళ్లని చేసేవాళ్లు చూడండి, పిల్లనిచ్చి పిల్లని తెచ్చుకోవడం, అలాంటిదే ఇదీను. మా కాలేజీకి దక్కిన కోడలు ఎలాంటిదో నాకు తెలియదు గానీ, వీళ్లకి దక్కింది మా ఆయన.

ఇక్కడికొచ్చి ఆయన మూడొందల అరవై ఇటుకల్ని తొట్లలో నానేశారు. ప్రతి సోమవారం ఒక్కొక్కదాన్నీ పసిపిల్లని తూచినట్టు తూస్తారు. అవి పూర్తిగా నానడానికి పదహారు నెలలు కావాలి. మాకున్న గడువు పన్నెండు. మిగతా నాలుగు నెలలకీ పొడిగింపు అడిగారు. అది రాకపోతే నెలాఖరుకి మేం విమానం ఎక్కాలి, ఇటుకలు చెత్తబండి ఎక్కాలి. ఇటుకల పేరెత్తితే ఆయన గొంతు మారిపోయేది. నా జ్వరానికి కూడా అలా మారలేదు.

అందుకని రూల్సంటే ఆయనకి ప్రాణం. నీలం రంగు ఫైలు ఒకటి పెట్టారు. ప్రతి కాగితానికీ మూడు నకళ్లు. ఒకటి ఫైల్లో, ఒకటి సూట్‌కేసులో, ఒకటి బియ్యం డబ్బాలో. అతిథితో వచ్చిన భార్య ప్రతిఫలానికి పని చేయరాదని ఓ కాగితంలో ఉంది. దాన్ని పట్టుకుని నా మీద కాపలా కాశారు. ఇంటావిడ తన కర్టెన్లకి అంచులు కుట్టిపెట్టమంటే కుట్టాను. ఆవిడ సంతోషపడి గిన్నెడు ఆపిల్ పళ్లు ఇచ్చింది. ఆయన ఆ గిన్నెని పేలబోయే వస్తువుని చూసినట్టు చూశారు.

“ఇది ప్రతిఫలం,” అన్నారు.

“వట్టి ఫలమేనండీ.”

“నవ్వులాట కాదు. నువ్వు పని చేశావు, ఆవిడ బదులు ఇచ్చింది. రేపెవరైనా అడిగితే?”

“మరి మీకు మూడు పూటలా వండుతున్నాను. అది పని కాదా?”

“దానికి నేనేమీ ఇవ్వడం లేదుగా!”

“అయితే పదకొండేళ్లుగా నేను పూర్తిగా చట్టప్రకారమే ఉన్నానన్నమాట.”

చివరికి పళ్లు వెనక్కి ఇచ్చి వచ్చాను, మూడు తక్కువగా. ఇంటావిడ లెక్కపెట్టలేదు, నేను చెప్పలేదు.

మేముండేది పై వాటాలో. రెండో నెల తిరిగేసరికి వంటింటి గోడ మీద నడిమధ్యన అరచేయంత మచ్చ ఒకటి లేచింది. చుట్టూ పసుపుపచ్చ అంచు. ఇంట్లో డాక్టరు ఉండగా భయమేమిటని ఆయనకి చూపించాను. మీటరు తెచ్చారు, గోడకి ఆనించారు, కళ్లు మూసుకున్నారు.

“నీ వంట ఆవిరి,” అన్నారు.

ఆ రోజు నుంచీ గిన్నెల మీద మూత తీయకూడదు. కుక్కరు కూత పెడితే కిటికీ తెరవాలి. బయట చలికి నా వేళ్లు కొంకర్లు పోయినా గోడ మాత్రం వెచ్చగా ఉండాలి. ఆరు నెలలు మూతలతో కాపురం చేశాను. మచ్చ అరచేయి దాటి విస్తరాకంత అయింది. చివరికి ఇంటావిడే ప్లంబరుని పంపింది. నడివయసు మనిషి, పొడుగు తక్కువ, మాటలు అంతకన్నా తక్కువ. మచ్చ నడుమ సుత్తితో ఒక్కటిచ్చాడు. గోడలోంచి నీళ్లు పిచికారీలా వచ్చి సరిగ్గా మా ఆయన కళ్లజోడు మీద పడ్డాయి.

“పైపు,” అన్నాడు ప్లంబరు.

మా ఆయన కళ్లజోడు తుడుచుకుని, “రెండూ కావచ్చు,” అన్నారు.

మరమ్మతు రెండు వారాలన్నాడు ప్లంబరు. అంతవరకూ కింద వెనక వాటాలో ఉండమంది ఇంటావిడ. గిన్నెలూ, ఫైలూ, బియ్యం డబ్బా దింపుకున్నాం. కింది తలుపు మీద నంబరు వేరు, పై తలుపు మీద నంబరు వేరు. అది చూసి అన్నాను:

“ఏవండీ, అడ్రసు మారితే పది రోజుల్లో చెప్పాలని మీ కాగితంలో ఉందిగా?”

“ఒకే గేటు, ఒకే ఇంటావిడ. మెట్లు దిగితే అడ్రసు మారుతుందా?”

“నంబరు మారిందండీ.”

“నీకు తెలియదులే. అది ఊళ్లు మారేవాళ్లకి.”

గోడకి చెప్పినా వినేదేమో, గోడల డాక్టరుకి చెబితే ఏం లాభం? క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో ‘చెప్పాను’ అని రాసి ఊరుకున్నాను. తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పి, ఇంకో రెండు గడుల్లో రాశాను. పాలవాడు నాగా పెడితే మా అమ్మ ఇలాగే రాసుకునేది.

ప్లంబరు రెండు వారాలు రెండు నెలలయ్యాయి. ఈ నెల ఇరవైమూడున, పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని పైకెళ్లాను. ప్లంబరు సున్నం డబ్బా మీద కూర్చుని టీ తాగుతున్నాడు. కాళ్ల దగ్గర ఫ్లాస్కు. ఫ్లాస్కు కింద పొడుగాటి కవరు. దాని మీద టీ మరకల మధ్య మా ఆయన పేరు.

“ఇదెప్పుడొచ్చింది?”

“చాలా రోజులైందమ్మా. తలుపు కింద నుంచి తోసిపోయారు. మీరెలాగూ పైకొస్తారు కదా అని ఉంచాను.”

“ఇంకెవరైనా వచ్చారా?”

“మెడలో కార్డు వేసుకుని ఎవరో ఆఫీసు మనిషి వచ్చాడు. ఇక్కడెవరైనా ఉంటున్నారా అని అడిగాడు. ఎవరూ లేరన్నాను.” నా మొహం చూసి కప్పు దించాడు. “లేరుగా మరి? అబద్ధం చెప్పనా?”

సత్యహరిశ్చంద్రుడు మా ఇంటికి పైపులు బాగుచేయడానికి వచ్చాడని నాకేం తెలుసు!

కవరు విప్పితే తెలిసింది, వీసా ఆఫీసు ఉత్తరమని. పొడిగింపుకి అంతా సిద్ధం, అతిథి చెప్పిన చోట ఉంటున్నాడో లేదో చూసుకోవడమే మిగిలింది. అందుకే ఈ ఉత్తరం పోస్టులోనే పంపారట, అది చేరడమే పరీక్ష. దాన్ని అందుకుని ఇరవయ్యో తారీఖులోగా వచ్చి సంతకం పెట్టాలి. పెట్టకపోతే గడువు నెలాఖరుతో సరి.

ఆయన దాన్ని రెండుసార్లు చదివి మంచం మీద కూర్చుండిపోయారు. నీలం ఫైలు ఒళ్లో ఉంది. మూడు నకళ్లున్న మనిషికి అసలు కాగితమే అందలేదు.

“ఇటుకలు,” అన్నారు మెల్లగా.

జాలేసింది. నిజంగానే వేసింది. అంతలో ఆయనే, “నువ్వైనా కాస్త గట్టిగా చెప్పాల్సింది,” అనడంతో జాలి కాస్తా ఆవిరైపోయింది. క్యాలెండర్ తెచ్చి మూడు గడులూ చూపించాను.

“ఇది నీ చేతిరాతేగా. సాక్ష్యం ఎలా అవుతుంది?”

మర్నాడు పొద్దున్నే సంజాయిషీ రాయడానికి కూర్చున్నారు. మొదటి పేజీ నిండా పైపు. ఏ కాలం నాటిది, ఏ లోహం, ఎందుకు తుప్పు పట్టింది. రెండో పేజీలో మాటమీద నిలబడని ప్లంబరు. మూడో పేజీలో ఒకే గేటుకి రెండు నంబర్లు పెట్టిన ఇంటావిడ. చివర పైపు బొమ్మ, బాణం గుర్తులతో సహా.

“ఎలా ఉంది?”

“అందరూ ఉన్నారు, మీరు తప్ప.”

వీసా ఆఫీసులో టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చున్నాం. ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు కుర్చీలని నేలకి బిగించేశారు. మా నంబరు పిలిచాక లోపల బల్ల వెనక ఓ పెద్దావిడ, కళ్లజోడుకి గొలుసు. మూడు పేజీలూ ఓపిగ్గా చదివింది. బొమ్మ కూడా చూసింది.

“పైపుల గురించి చాలా తెలుసుకున్నానండీ,” అంది. “కానీ పైపుకి వీసా ఉండదు. వీసా ఉన్నది మీకు. చిరునామా ఎందుకు చెప్పలేదు?”

“మరమ్మతు రెండు వారాలేనని ప్లంబరు...”

“ప్లంబరుకి కూడా నేను వీసా ఇవ్వలేదు.” కాగితం ఒకటి ముందుకి లాక్కుంది. “గడువు ఇంకా ఆరు రోజులుంది కాబట్టి సరిచేయొచ్చు. కారణం అని ఇక్కడో గడి ఉంది. పొరపాటు ఎవరిదో అందులో రాసి పంపితేనే పైవాళ్లు ఫైలు కదుపుతారు. ఖాళీగా పంపితే వెనక్కి వస్తుంది. ఏం రాయమంటారు?”

మా ఆయన నా వైపు చూశారు. నేను సీలింగ్ ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాను. మూడే. అయినా మళ్లీ లెక్కపెట్టాను. ఆయన చూపు అక్కణ్ణుంచి జారి ఆవిడ వెనక గోడ మీద ఆగిపోయింది. ప్రాణం మీదికొచ్చినా అలవాటు పోదు కదా.

“మీ గోడకి చెమ్మ పట్టిందండీ,” అన్నారు.

ఆవిడ వెనక్కి తిరిగింది. గోడ నడిమధ్యన మచ్చ, చుట్టూ పసుపుపచ్చ అంచు.

“అదా! అవతలి పక్క టీ గది. అక్కడ టీ కాచే ఆవిడ వల్లనేనని, నీళ్లు మరిగిన ఆవిరేనని ఎవరో పెద్ద నిపుణుడు వచ్చి రాసిపోయాడు. పాపం, ఆవిణ్ణి ఆర్నెల్లుగా కిటికీ తెరిచే కాచమంటున్నాం. చలికి ఒకటే దగ్గు. మచ్చ మాత్రం పెరుగుతూనే ఉంది.”

అవతలి నుంచి నిజంగానే దగ్గు వినబడింది.

నేను కొంగు సర్దుకున్నాను, అంతే. ఒట్టు.

“ఆవిరి కాదండీ,” అన్నారు మా ఆయన. “ఆవిరైతే పైమూలల్లో బూజులా పడుతుంది. ఇలా నడుమ, అంచు కట్టి ఉందంటే లోపల పైపు కారుతోంది. ఆవిడ చేత కిటికీ మూయించండి. రాసినవాడిది తప్పు.”

“నిపుణుడండీ ఆయన. మీకంత నమ్మకమేమిటి?”

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఆ తుడవడం ఎంతసేపో పట్టింది.

“నేనూ అలాగే చెప్పాను కనక. మా వంటింట్లో, ఈవిడకి. ఆరు నెలలు చలిలో కిటికీ తెరిపించాను.” గొంతు ఇటుకల గొంతైంది. “చిరునామా సంగతీ ఈవిడ చెప్పింది. మూడుసార్లు. క్యాలెండర్‌లో ఉంది. నేనే వినలేదు.”

ఆవిడ కలం ఎత్తింది. “గోడ సంగతికి ఇందులో గడి లేదు. రెండోది రాసుకుంటున్నాను. సంతకం ఇక్కడ. నాలుగు నెలల కాగితం శుక్రవారానికి వస్తుంది. ఈసారి మీరున్న చోటికే.”

టక్కున స్టాంపు పడింది. ఇటుకలు బతికాయి.

తలుపు దాకా వచ్చి ఆగాను.

“ఏవండీ, ఇందాక ఏదో అన్నారు. అవతల దగ్గు వల్ల సరిగ్గా వినపడలేదు.”

ఆయన నన్ను చూశారు, ఆఫీసరమ్మని చూశారు, గోడని కూడా చూశారు. ఎటు చూసినా తప్పు మోయడానికి ఇంకెవరూ మిగల్లేదు.

“తప్పు నాదేనే,” అన్నారు, బయట టోకెన్లు పట్టుకుని కూర్చున్న వాళ్లందరూ తల తిప్పేంత గట్టిగా. “రెండూ నావే.”