కంచు కాగేదాకా

గ్యాస్ టార్చ్ వెలిగించడం కల్పనకు వచ్చు. వెలిగించాక దాని దగ్గర నిలబడటమే రాదు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఏసీ విడిభాగాలు చేసే ఆ ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ నుంచి టార్చ్ బల్ల దగ్గరికి వచ్చిన కొత్తలోనే మంట టప్పున పేలి ఆరిపోయింది. ఒంటి మీద మచ్చయినా పడలేదు. కానీ అప్పటి నుంచి చెయ్యి ఆమెను అడగకుండానే వెనక్కి వచ్చేస్తోంది.

రాగి గొట్టాన్ని కంచు వాల్వుకు అతకాలి. ఈ షిఫ్టు అయ్యేలోగా గాలి పోని అతుకు ఒక్కటైనా చూపించకపోతే తిరిగి ప్యాకింగ్‌కే పంపేస్తానన్నాడు ముదీర్, అంటే మేనేజరు. పొద్దున్నుంచి చేసినవన్నీ నీళ్ల తొట్టిలో ముంచగానే బుడగలు వదిలాయి.

"ఆ మంటేమన్నా నీ మామనా మే, అంత దూరం నిలబడతాండావు?" అన్నాడు పని నేర్పే జానీ బాషా. కడప మనిషి.

"మామ ముంగటనన్న కూసుంట గని భాయ్, దీని ముంగట నిలవడుడే అయితలేదు."

"రాగి బిరీన కాగుతాది. కంచు మందం, నిదానంగా కాగుతాది. రాగి ఎర్రబడంగానే అయిపాయె అనుకోని పారిపోతాండావు. మంట కంచు మీద పెట్టు. పెట్టి, ఊరికే ఉండు."

నిజమే. పారిపోయిన ప్రతిసారీ ఆమె దగ్గర ఒక మంచి కారణం ఉండేది. రాగి కాగింది కదా, అతికే వెండి పుల్ల కరిగింది కదా. భయం తన పేరు చెప్పుకోదు. పని అయిపోయిందని చెబుతుంది.

గొట్టానికి అతుకు పట్టించే పేస్టు పూసి వాల్వులో దూర్చింది. నీలిమంట కంచు మీద పెట్టింది. చెయ్యి వెనక్కి రావాలని లాగింది. ఈసారి ఆమె దాన్ని తిట్టుకోలేదు, బలవంతంగా అదిమిపెట్టనూ లేదు. లాగుతోంది, లాగనీ, అనుకుంది. భయం ఎక్కడికీ పోలేదు. ఆమె పక్కనే నిలబడి, ఆమెతో పాటు కంచు కేసి చూసింది.

పేస్టు ఉడికింది, తెల్లబడింది, ఆ తర్వాత నీళ్లలా తేటపడింది. అప్పుడు వెండి పుల్ల తాకించింది. అది గుండ్లు కట్టలేదు. అతుకు చుట్టూ పరుగెత్తి లోపలికి దిగిపోయింది.

చల్లారాక తొట్టిలో ముంచి గొట్టంలోకి గాలి వదిలారు. నీళ్లు కదల్లేదు.

"ఖలాస్. ముదీర్‌ను పిల్చుకొస్తా," అన్నాడు జానీ బాషా.

"జర ఆగు భాయ్. ఇంకోటి చేస్త."

"దేనికి మే? ఇది బాగుండాది కదా."

"ఇది ఎట్లయిందో నాకే ఇంకా సమజ్ కాలే."

అతను ఆమెను ఒకసారి చూసి, "షిఫ్టు బస్సు పోతే నన్నడగొద్దు," అంటూ మరో వాల్వు ముందుకు జరిపాడు. కల్పన కొత్త గొట్టం అంచు రుద్దడం మొదలుపెట్టింది.