యాదన్న అడిగిన ఫ్రాన్సు మందు

మా అన్న యాదయ్య షాద్‌నగర్ రోడ్డు మీద లారీ కింద పడి పోయాడు. మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాడికి ఇష్టమైనవి వండి, కాల్చిన చోట విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా కాచుకోవాలి. ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. మటన్ పెట్టాం, కల్లు పెట్టాం, బీడీలు కూడా పెట్టాం. కాకి రాలేదు.

ఎట్లా వస్తుంది నా మొహం! మా వల్లకాడు ఎయిర్‌పోర్టు గోడ పక్కనే. విమానాలకు పిట్టలు తగలకుండా గోడ అవతల టపాసులు పేలుస్తూనే ఉంటారు. ఎయిర్‌పోర్టు తెరిచి మూడేళ్లయింది, ఈ సంగతి తెలియనివాడు ఊళ్లో లేడు. అయినా ఒక్కడూ నోరు విప్పలేదు. ఏదో కోరిక మిగిలిపోయిందని గొణుక్కున్నారు. నేనూ విప్పలేదు.

మా అమ్మ దుర్గవ్వ పిట్ట ముట్టేదాకా మెతుకు ముట్టనని ఇంటి గోడకు ఆనుకుని కూర్చుంది.

"వాడు నిన్ను అడిగిండు గద బిడ్డా, ఫ్రాన్సు మందు. అదే మిగిలింది కావొచ్చు," అంది.

అడిగిన మాట నిజమే. ఎయిర్‌పోర్టు దగ్గరి హోటల్లో, బార్‌లో పని నాది. కనబడ్డప్పుడల్లా అన్న ఆటపట్టించేవాడు. "తమ్మీ, మీ హోటల్ల ఆ ఫ్రాన్సోళ్ల ముసలి మందు ఒక్క సుక్క దేరాదూ. సచ్చేలోపల జర నాలికె మీద ఏస్కుంట."

నాకు ఏడుపు రాలేదు. కోపం కూడా సరిగ్గా రాలేదు. టీ తాగితే వేడి తెలిసేది, టీ తెలిసేది కాదు. నాలుగో రోజు ఊరికే డ్యూటీకి పోయాను.

ఆ సాయంత్రమే హోటల్లో పాత ఫ్రెంచి రెడ్ వైన్ల రుచి చూసే కార్యక్రమం. నడిపించేది అనుపమగారు, విజయవాడ మనిషి, ఫ్రాన్సులో ఈ విద్య చదివొచ్చింది. సీసా మెడ కింద కొవ్వొత్తి పెట్టి, ఆ వెలుగులో వైన్‌ను గాజు కూజాలోకి మెల్లగా వంపింది. మడ్డి మెడ దాకా రాగానే ఆపేసింది. వైన్ అంచున ఇటుక రంగు. తడి మట్టి వాసన, ఎండుటాకులు, పాత తోలు అని చెబుతుంటే బంజారాహిల్స్ పెద్దలు గ్లాసుల్లో ముక్కులు పెట్టి అవునవునన్నారు.

నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. "పోసేవాళ్లకి తెలియాలి కదండీ. ఏం వాసనొస్తోంది?"

"ఏం వస్తలేదు మేడం."

"ఇలాంటి వైన్ మధ్యలో కొన్నేళ్లు మూగబోతుందండీ. వాసనా ఉండదు, రుచీ ఉండదు. పాడైపోయినట్టు కాదు."

వైన్ గురించే అంది. తల ఊపాను. అందరూ భోజనానికి లేచాక అడిగాను.

"అడుగున మిగిలింది పారబోస్తరు గద మేడం. మా అన్నకు గావాలె."

"ఆయన వైన్ తాగుతారా?"

"సచ్చిపోయిండు మేడం. పిట్టకు పెట్టాలె."

 ఆమె మడ్డి సీసా పక్కన పెట్టి, కూజాలోని తేట వైన్‌నే నీళ్ల సీసాలోకి వంచింది. "మడ్డి ఎందుకండీ," అంది.

ఐదో రోజు అమ్మను కూడా తీసుకెళ్లి, వల్లకాట్లో మళ్లీ విస్తరి వేశాం. పక్కన మోదుగాకు దొప్పలో వైన్ పోశాను. ఎండ నెత్తి మీదికొచ్చింది. గోడ అవతల టపాసులు పేలాయి.

"నీ పిల్లల్ని మేం జూస్కుంటం యాదయ్యా, ఇగ ముట్టు," అని మా బావ బిక్షం ఆకాశానికి దండం పెట్టాడు. ఒక విమానం దిగింది. కాకి రాలేదు.

అమ్మ లేచింది. తూలుతూ వచ్చి విస్తరి ముందు కూర్చుని, దొప్ప ఎత్తి గటగటా తాగేసింది. మొహం అష్టవంకరలు పోయింది.

"థూ, పుల్లగున్నది. యాదిగాడైతే ఉమ్మేస్తుండె."

"పిట్ట ముట్టకముందే ఏంది అత్తా గిట్ల..." అన్నాడు బిక్షం.

"వాణ్ని కన్నదాన్ని. నేను ముడితే సాలదా?"

మటన్ కలుపుకుని ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద నా నోట్లో పెట్టింది. కూరలో ఉప్పు ఎక్కువైంది. అన్న పోయినప్పటి నుంచి నాకు తెలిసిన మొదటి రుచి అదే.

"అమ్మా, ఉప్పెక్కువైంది," అనబోయాను. ఏడుపొచ్చింది.