మెమోలో ఉన్నట్టే

దేవరకొండ బస్టాండు ఎదురుగా ఉన్న విజేందర్ నెట్ సెంటరుకు మంచి పేరు. అక్కడ నింపిన అప్లికేషన్ తప్పులతో వెనక్కి రాదు. పదో తరగతి మెమోలో పేరు ఎలా ఉంటే అన్నిట్లో అలాగే ఉండాలి, ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే అతనికి అన్నం సహించదు. ఆధార్‌లో ఒకలా, బ్యాంకులో ఒకలా రాయించుకొచ్చిన వాళ్లకు అందరి ముందూ చీవాట్లు పెట్టి మరీ దిద్దేవాడు. ఆ గొప్పే అతని కొంప ముంచింది. నిజం చెప్పాలంటే, మునిగింది మెర్సీ కొంప.

మెర్సీ కూలికి పోయే బక్కయ్య కూతురు. నర్సింగ్ పాసైంది. హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖాన నర్సులను తీసుకుంటోందని తెలిసి, జూన్‌లో ఇతని దగ్గరే అప్లికేషన్ పెట్టించుకుంది. ఇంటర్వ్యూ పిలుపు మెయిల్‌కు వస్తుందన్నారు. రెండు నెలలు రోజూ ఫోన్ చూసుకుంది. రాలేదు.

ఆగస్టులో ఒక పొద్దున ఇంకో అప్లికేషన్ కోసం వచ్చింది.

"ఇంటర్వ్యూలు అయిపోయినయన్నా. నాకన్న తక్కువ మార్కులొచ్చిన గ్రేస్ గూడ డ్యూటీల చేరింది. నన్ను పిలువనే లేదు."

"గట్లెట్లయితది? పాత కాగితం ఉన్నదా?"

ఆమె ప్రింటు తీసి ఇచ్చింది. విజేందర్ ఆమె ఫోన్‌లో మెయిల్ తెరిపించి రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఫోన్‌లో మెయిల్ ఐడీలో పేరు మధ్యన ఎస్, చివర ఐ. కాగితం మీద సి, వై.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె చీటీ మీద రాసిచ్చిన మెయిల్ చూసి, సొంత పేరు రాసుకోవడం కూడా రాదా అని పకపకా నవ్వాడు. మెమోలో ఉన్నట్టే దిద్ది పంపాడు. ఆ స్పెల్లింగుతో ఇంకెవరో మెర్సీ అప్పటికే మెయిల్ పెట్టుకుందేమో, అందుకే ఈ పిల్ల ఇలా రాసుకుందేమో అని తట్టనే లేదు. పిలుపు వచ్చే ఉంటుంది, ఎవరికో.

ఏమీ చెప్పకుండా కొత్త ఫారం తెరిస్తే ఆమెకు తెలిసేది కాదు. ఆ ఆలోచన వచ్చినందుకే తన మీద తనకు అసహ్యం వేసింది.

"చెల్లె, తప్పు నాది. నీ మెయిల్ నేనే మార్చిన."

మెర్సీ కాగితం వంక కూడా చూడలేదు.

"ఆ రోజే చూసినన్నా. నువ్వు మారుస్తుంటే నీ యెనకనే ఉన్న. ఫోనన్న చేస్తరేమో అని ఆశవడ్డ."

"మరెందుకు చెప్పలే?"

"నువ్వు నవ్వితివి గదా. అందరు నా దిక్కే చూసిన్రు. ఇగ నోరు తెరువబుద్ది గాలే."

ఇన్నేళ్లలో ఆ కుర్చీ వెనక ఇంకెందరు అలా నోరు మూసుకుని నిలబడ్డారో విజేందర్‌కు తెలియదు.